మనిషి లేని రెండు గంటలు

పెళ్లికూతురి మేనమామ కుర్చీలో నోరు తెరిచి నిద్రపోతున్న ముక్కను ఎల్సీ కోసి పారేసింది. దాని వెనక నలభై సెకన్లపాటు ఎవరూ లేని భోజనాల బల్లలున్నాయి, వాటినీ కోసింది. ఇస్నాపూర్ చౌరస్తాలో మందుల షాపు పైన ఉన్న ఆ స్టూడియోలో ఆమెది వీడియో మిక్సింగ్ పని. తొమ్మిది గంటల పెళ్లి వస్తే దాన్ని డిస్కులో పట్టేంతకు దించాలి. ఈ రోజుల్లో డిస్కులు అడిగేవాళ్లు ఎవరున్నారంటే, ఉన్నారు. చర్చి కూటాలవాళ్లు అడుగుతారు. ఫోన్లో చూస్తే పెళ్లి చూసినట్టే ఉండదనే అమ్మమ్మలు అడుగుతారు. ప్రభుత్వ ఆఫీసులు అడుగుతాయి.

ఆమె పనిలో చేరిన రోజే యజమాని హరినాథ్ రెండు సూత్రాలు చెప్పాడు. మనిషి లేని ఫ్రేమ్ ఉండకూడదు. మనసు నొచ్చే ఫ్రేమ్ అసలే ఉండకూడదు. నాలుగేళ్లుగా ఎల్సీ ఆ రెండింటినీ తు.చ. తప్పకుండా పాటిస్తోంది. అలిగిన ఆడపడుచులు, వడ్డన దగ్గర అరుచుకున్న బావమరుదులు, దండ మార్చుకునేటప్పుడు ఏడ్చేసిన పెళ్లికూతుళ్లు అందరూ ఆమె చేతిలో మాయమైపోయేవారు. ఎంత రభస జరిగిన పెళ్లయినా ఆమె దగ్గరికి వచ్చేసరికి చల్లగా ముగిసేది. ఆ సంగతి తల్చుకుంటే ఆమెకు కాస్త గర్వంగానే ఉండేది.

ఆ మంగళవారం పొద్దున ఒకామె చెప్పులు మెట్ల మీదే విడిచి లోపలికి వచ్చింది. యాభై దాటి ఉంటుంది. కొంగు ముడి విప్పి, అందులోంచి నల్లటి పెన్ డ్రైవ్ తీసి, అది పగిలిపోతుందేమోనన్నంత భయంగా బల్ల మీద పెట్టింది.

"డిస్కు చేస్తరా బిడ్డా ఈడ?"

"చేస్తం. పెండ్లిదా అమ్మా?"

"పెండ్లి కాదు. కంపెనీ కెమెరాది. సంగారెడ్డిల లేబర్ ఆఫీసుల ఇయ్యాలె, బేస్తారం నాడు. గీ పుల్ల ఇస్తే తీస్కోం అన్నరు. వాళ్ల కంప్యూటర్లకు ఇది పెట్టే సందు బంద్ చేసిన్రట. డిస్కులే కావాలన్నరు, రెండు కాపీలు."

ఆమె పేరు ముత్యమ్మ. పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో ఊడ్చి తుడిచే పని. పదిహేను రోజుల క్రితం వరకు. ఆఫీసువాళ్లు ఇచ్చిన కాగితాలు ప్లాస్టిక్ కవర్లో తెచ్చింది. ఎల్సీ పైకాగితం మాత్రం చదివింది. ఉదయం ఆరు నుంచి పన్నెండు వరకు ఉన్న రికార్డింగు, డీవీడీలో, రెండు ప్రతులు. మిగతా కాగితాలు ఆమె చదవలేదు. అది తన పని కాదనుకుంది.

పెన్ డ్రైవ్ పెట్టి చూస్తే ఆరు గంటలూ ఒకటే ఫైలు, పందొమ్మిది జీబీ. డిస్కులో పట్టేది నాలుగు పైచిలుకు. వెనక బల్ల దగ్గర పాస్‌పోర్ట్ ఫొటోలు కత్తిరిస్తున్న హరినాథ్ తలెత్తకుండానే తీర్పు చెప్పాడు.

"ఒక్క డిస్కులోకి నొక్కెయ్ ఎల్సీ. ఆఫీసోళ్లు చూస్తారా పెడతారా."

ఎల్సీ నొక్కింది. మిషను మధ్యాహ్నం దాకా మూలిగి ఇచ్చిన బొమ్మలో మనుషుల ముఖాలు తడి చేత్తో తుడిచినట్టు చెరిగిపోయాయి. మూలన ఉండే గడియారం అంకెల్లో మూడేదో ఎనిమిదేదో తెలియలేదు. ఇది నాసిరకం పని, ఆమె ఇలాంటిది ఎవరికీ ఇవ్వదు. అప్పుడు అసలు ఫైలు తెరిచి, ముత్యమ్మను పక్కన కూర్చోబెట్టుకుంది.

అదొక పొడుగాటి కారిడార్. గోడకు ఆకుపచ్చ బేసిన్. కంట్లో ఏదైనా పడితే కింద పెడల్ తొక్కాలి, రెండు పక్కలనుంచీ నీళ్లు చిమ్మి కళ్లు కడుగుతాయి. బేసిన్ పక్కనే ఒక తనిఖీ కాగితం, దారంతో వేలాడే పెన్ను.

"గా పోరనికి వెంకట సాయి అని పేరు. యాసిడ్ మీద వడ్డది. కన్ను మూస్కొని గీ బేసిన్ కాడికి ఉర్కొచ్చిండు. నీళ్లు రాలే. అంతకు ముంగట నేను గీడ తుడిసిన. గప్పుడు బేసిన్ కింద వాల్వు నేనే బంద్ చేసిన్నని రాసిన్రు. గది కెమెరల కనవడదు."

"చేసినవా?"

"నేనెందుకు చేస్త? పొద్దుగాల్నే సూపర్‌వైజర్‌కు చెప్పిన, నీళ్లొస్తలేవు సార్ అని. సూస్త పో అన్నడు." ముత్యమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పని పోతే ఇంకో పని దొరుకుతది బిడ్డా. గా పోరని తల్లి దుర్గాదేవి మా లైన్లనే ఉంటది, మూడో అర్రల. నన్ను సూస్తే తలుపు ఏస్కుంటది. నా కొడుకు కన్ను నువ్వే తీసినవ్ అన్నట్టు. గామెకు తెల్వాలె. నాకు గంతే కావాలె."

ఎల్సీకి ఆమె మీద జాలి కలిగింది. జాలి కలిగినప్పుడు ఆమె పని మరీ శ్రద్ధగా చేస్తుంది. మనుషులున్న చోట్లన్నీ ఏరింది. ఆరూ నలభైకి సూపర్‌వైజర్ వచ్చి కాగితం మీద ఏదో రాయడం, ముత్యమ్మ బేసిన్ వైపు చెయ్యి చూపించి ఏదో చెప్పడం, ఆయన తిరక్కుండానే చెయ్యి ఊపడం. ఎనిమిదింటికి చాయ్ బండి. తొమ్మిదింబావుకు డ్రమ్ము దొర్లించుకుంటూ ఇద్దరు. పదకొండూ ఇరవైకి ముత్యమ్మ వచ్చి తుడవడం. మిగతాదంతా గోడ. గోడను కోసేసింది. ఆరు గంటలు యాభై నిమిషాలైంది, ఒక్క డిస్కులో నిక్షేపంగా పట్టింది, ముఖాలు అద్దంలో చూసినట్టున్నాయి.

చివరికి వచ్చేసరికి ముత్యమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"పోరడు ఉర్కొచ్చిన కాడ ఆపెయ్ బిడ్డా. గా తర్వాతది వద్దు."

"ఎందుకమ్మా?"

"వద్దంటున్న గద."

ఎల్సీ రెట్టించలేదు. మనసు నొచ్చే ఫ్రేమ్ ఎలాగూ ఆమె ఉంచదు. పదకొండూ నలభై తొమ్మిది దగ్గర తెంపేసింది.

గురువారం సంగారెడ్డికి ముత్యమ్మతోపాటు ఎల్సీ కూడా వెళ్లింది. డిస్కు తిరగకపోతే ఎవరిని అడగాలో తెలియదని ముత్యమ్మ బతిమాలితే హరినాథ్ ఒక పూట సెలవిచ్చాడు. విచారణ గది చిన్నది. ఒక బల్ల, పాత కంప్యూటరు, గోడ పొడుగునా బెంచీ. అధికారి దశరథ్ నెమ్మదిగా మాట్లాడే మనిషి, ప్రతి కాగితాన్నీ రెండుసార్లు తిరగేస్తాడు. అవతలి పక్క కుర్చీల్లో ఫ్యాక్టరీ తరఫున హెచ్.ఆర్. మేనేజర్ సూర్యారావు, ఆయన పక్కన నలభై అయిదేళ్ల ఆడమనిషి. కంపెనీ కారులో వచ్చింది. ఒళ్లో ఆసుపత్రి ఫైలు పెట్టుకుని, బెంచీ వైపు ఒక్కసారి కూడా చూడకుండా కూర్చుంది. దుర్గాదేవి ఆమేనని ఎల్సీకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

సూర్యారావు ఒక కాగితం బల్ల మీద పెట్టాడు. బేసిన్ పక్కన వేలాడే తనిఖీ కాగితమే. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు. ప్రతి గంటకూ ఎదురుగా ‘నీళ్లు వస్తున్నాయి’ అని టిక్కు, సంతకం.

"పదకొండింటికి కూడా నీళ్లున్నాయి సార్. పదకొండూ ఇరవైకి ఈమె తుడిచింది. పదకొండూ యాభైకి నీళ్లు లేవు. ఇంకేం కావాలి?"

దశరథ్ తల ఊపి, కంప్యూటరు దగ్గరున్న గుమాస్తాను డిస్కు పెట్టమన్నాడు.

డిస్కు తిరిగింది. తెర మీద రెండు మల్లెదండలు చెరో పక్కకూ విడిపోయాయి. వాటి మధ్య బంగారు అక్షరాలతో ‘ముత్యమ్మ’ అని పడింది. స్టూడియో మిషన్లో ప్రతి డిస్కుకూ మొదట అది దానంతటదే వచ్చి కూర్చుంటుంది, ఎల్సీ తీసేయడం మర్చిపోయింది. గుమాస్తా నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాడు. తర్వాత బొమ్మ మొదలైంది. సూపర్‌వైజర్ కాగితం మీద రాస్తున్నాడు. ఆయన మెల్లగా కరిగిపోతుంటే అందులోంచి చాయ్ బండి తేలింది. చాయ్ బండి కరిగి డ్రమ్ము, డ్రమ్ము కరిగి ముత్యమ్మ. పెళ్లిలో అప్పగింతల్నీ గృహప్రవేశాన్నీ కలిపే పద్ధతి అది. ఎల్సీ చేతికి అలవాటై, అడక్కుండానే పడిపోయింది.

"ఒక్క నిమిషం సార్," అన్నాడు సూర్యారావు. "ఇది కోసిన వీడియో. మేం ఇచ్చింది ఆరు గంటలు. ఎవరు కోశారు?"

"నేనే సార్," అంది ఎల్సీ లేచి నిలబడి. "ఖాళీగ ఉన్నదే తీసేసిన. ఒక్క డిస్కుల పట్టాలని."

"ఖాళీగా ఉందో లేదో నువ్వు తేలుస్తావా? చివర్న ప్రమాదం కూడా లేదు. దాచాల్సింది లేకపోతే ఎందుకమ్మా కోయడం?"

అప్పుడు చూసింది దుర్గాదేవి బెంచీ వైపు. ఆ చూపులో కోపం కూడా లేదు, ఇంతేనా నువ్వు అన్నట్టుంది. ముత్యమ్మ తల వంచుకుంది. ఎల్సీకి ఆ క్షణాన భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ముత్యమ్మ కోరిందల్లా ఆ తల్లికి నిజం తెలియాలని, తను చేసిందల్లా ఆ తల్లి ముందు ఆమెను దొంగను చేయడం.

దశరథ్ గొంతు పెంచలేదు. "సోమవారం పదకొండు గంటలకు రండి. కోయనిది తీసుకురండి. ఎన్ని డిస్కులైనా పర్వాలేదు," అన్నాడు.

బస్సులో పటాన్‌చెరు వచ్చేదాకా ముత్యమ్మ కిటికీ వైపే తిరిగి కూర్చుంది.

శుక్రవారం పొద్దున ఎల్సీ పెళ్లి పని పక్కన పెట్టేసింది. తను కోసి పారేసింది ఏమిటో ఒక్కసారైనా పూర్తిగా చూడాలనిపించింది. ముత్యమ్మ వచ్చేసరికి తెర మీద ఖాళీ గోడ నడుస్తోంది. బల్ల మీద ఆమె ముందురోజు ఉంచి వెళ్లిన ప్లాస్టిక్ కవర్లోని కాగితాలన్నీ పరిచి ఉన్నాయి. కంపెనీ పెట్టిన తనిఖీ కాగితం నకలు వాటిలో మొదటినుంచీ ఉంది.

"ఏం సూస్తున్నవ్ బిడ్డా? గోడనా?"

"గోడనే. అమ్మా, గీ కాగితం మీద సంతకం పెట్టాలంటే ఏడ నిలబడాలె?"

"ఏడేంది? బేసిన్ కాడనే. పెన్ను ఆడనే కట్టుంటది కద."

"ఇంకోకాడ పెట్టరా? ఆఫీసుల గిట్ల?"

"కాగితం గోడకు గట్టిగ బిగిచ్చి ఉంటది. సాయంత్రమే ఇడుస్తరు."

ఎల్సీ గడియారం అంకెల మీద వేలు పెట్టింది. తొమ్మిదింబావుకు డ్రమ్ము పోయింది. తొమ్మిదిన్నర. పది. పదింబావు. బేసిన్ దగ్గరికి ఎవరూ రాలేదు. కారిడార్‌లో ట్యూబ్‌లైటు ఒకసారి కొట్టుకుని మళ్లీ వెలిగింది. పదిన్నర. పదకొండు. పదకొండూ ఇరవైకి బకెట్‌తో ముత్యమ్మ. మధ్యలో రెండు గంటల అయిదు నిమిషాలు, అందులో మనిషన్నవాడు లేడు. ఏడుకీ ఎనిమిదికీ తొమ్మిదికీ వెనక్కి వెళ్లి చూసింది. పొద్దున ఆరూ నలభైకి వచ్చి, చాలాసేపు నిలబడి రాసిన మనిషి మళ్లీ రానేలేదు. అంతసేపు ఏం రాశాడో ఇప్పుడు తెలిసింది. రోజంతటికీ సరిపడా టిక్కులు ఒకేసారి పెట్టేసి వెళ్లిపోయాడు.

"పదకొండింటికి నీళ్లున్నయని రాసిన్రు. పదకొండింటికి ఎవ్వలు రాలే అమ్మా. ఎవ్వలు సూడలే," అంది ఎల్సీ. "ఇదే కావాలె మనకు. గిదే నేను కోసి పారేసిన."

ముత్యమ్మ చాలాసేపు ఆ ఖాళీ గోడను చూసింది. ఆమె ముఖం విచ్చుకోబోయి మళ్లీ ముడుచుకుంది.

"అయితే గా ఖాళీదే ఇద్దాం. ఆఖర్ది వద్దు."

"కోస్తే మళ్లొకసారి కోసిన్రంటరు. మొత్తం అంటే మొత్తం ఇయ్యాలె. ఆఖర్ల ఏమున్నదమ్మా? నేను సూడలే."

ముత్యమ్మ లేచి తలుపు దగ్గరికి వెళ్లి, మళ్లీ వచ్చి కూర్చుంది.

"నేను నీళ్లు వోసిన బిడ్డా. చాయ్ కాడ తాగే నీళ్ల క్యాన్ ఉంటే గుంజుకొచ్చి పోరని మొఖం మీద వోసిన. యాసిడ్‌ల నీళ్లు పొయ్యొద్దని గోడ మీద రాసుంటది. నాకు సదువు రాకపాయె, కని సూపర్‌వైజర్ దినాం చెప్తడు. పోస్తే పొంగుతది, మసులుతది అని. నాకు యాదికి రాలే. పోరడు అమ్మా అమ్మా అంటుంటే నాకు ఏం యాదికి రాలే." కొంగు అంచు వేలికి చుట్టుకుంది. "వాల్వు నేను బంద్ చెయ్యలే. కని కన్ను నేనే ఖరాబ్ చేసిన్నేమో. గది గా తల్లి సూడాల్నా?"

పదిహేను రోజులుగా ఈ మనిషి ఏం మోస్తోందో ఎల్సీకి అప్పుడు అర్థమైంది. తనకు కెమిస్ట్రీ తెలియదు. తెలిసినట్టు ధైర్యం చెప్పడానికి నోరు రాలేదు. తెర మీద ఆకుపచ్చ బేసిన్ వైపు చూసి, తోచింది అడిగింది.

"మరి ఆ బేసిన్ల వచ్చేటివి కూడా నీళ్లే కద అమ్మా?"

"అవి మిషన్ నీళ్లు. అండ్ల మందు గిట్ల కలుపుతరేమో."

"ఏమో. నాకూ తెల్వదు."

ముత్యమ్మ ఒళ్లో చేతులు ఒకదాన్నొకటి నలుపుకుంటూ కూర్చుంది. కింద చౌరస్తాలో షేర్ ఆటోవాడు పాశమైలారం, పాశమైలారం అని అరుస్తున్నాడు. ఆమె తల పైకెత్తింది.

"పెట్టు. చేసిందేదో చేసిన. సూడనీ," అంది.

శనివారం పని. బొమ్మను ముట్టుకోకుండా ఫైలును మాత్రమే విడగొట్టే పద్ధతి ఒకటుంది. అందులో నొక్కడం లేదు, కాబట్టి ముఖాలు చెరగవు. కానీ అది మనం చెప్పిన సెకను దగ్గర తెగదు, దానికి అనువైన చోటే తెగుతుంది. తనిఖీ కాగితం గంటకొకటి కాబట్టి ఎల్సీ ఫైలును గంటకొక ముక్క చేసింది. ఆరు గంటలకు ఆరు డిస్కులు, రెండు ప్రతులకు పన్నెండు.

"పన్నెండు డిస్కులా? ఖాళీ గోడకి?" అన్నాడు హరినాథ్.

ఎల్సీ జరిగింది చెప్పింది. మల్లెదండల సంగతి కూడా దాచలేదు. హరినాథ్ నవ్వలేదు. కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చుని ఒక ముక్క చివర, ఇంకో ముక్క మొదలు పెట్టి చూశాడు.

"ఏడు గంటల సున్నా నిమిషాల రెండు సెకన్లకి తెగింది. రెండోది ఆరో సెకనుకి మొదలైంది. నాలుగు సెకన్లు ఎక్కడికి పోయాయంటే ఏం చెప్తావ్? ప్రతి ముక్కనీ ముందు గంట చివరి నిమిషం నుంచి మొదలెట్టు. అటూ ఇటూ కలిసి ఉంటే ఎవడూ వేలు పెట్టలేడు."

తర్వాత ఆయనే లోపలికి వెళ్లి కూటాల కోసం దాచిన డిస్కుల డబ్బా తెచ్చాడు. పాత సరుకు, వేగంగా రాస్తే చెడిపోతాయని బాగా నెమ్మదిగా రాయమన్నాడు. అయినా ఏడోది తొంభై ఏడు శాతం దగ్గర చచ్చిపోయింది. ఎల్సీ తిట్టుకుని ఇంకోటి పెట్టింది. రాసిన ప్రతిదాన్నీ మొదలూ మధ్యా చివరా తిప్పి చూసింది. ప్రతిదాని మీదా అంకె, మొదలయ్యే సమయం, ముగిసే సమయం రాసింది. పూలు లేవు, బంగారు అక్షరాలు లేవు. ఆరో డిస్కు చివరి పది నిమిషాలు మాత్రం ఆమె కూడా చూడలేదు. తెర పక్కకు తిప్పి, అంకెలు కదులుతున్నాయో లేదో గమనించి ఊరుకుంది.

సోమవారం అదే గది, అవే కుర్చీలు. దుర్గాదేవి మళ్లీ కంపెనీ కారులోనే వచ్చింది. దశరథ్ ఆరు డిస్కులనూ వరసగా పేర్చుకుని, వాటి మీది సమయాలను తనిఖీ కాగితం పక్కన పెట్టి పోల్చుకున్నాడు.

"పది గంటల టిక్కు దగ్గర మొదలుపెడదాం," అని అయిదో డిస్కు ఇచ్చాడు. గుమాస్తా దాన్ని ట్రేలో పెట్టి లోపలికి నెట్టాడు.

తొమ్మిదీ యాభై తొమ్మిది. కారిడార్, బేసిన్, కాగితం, పెన్ను. పది గంటలైంది. ఎవరూ రాలేదు.

"కచ్చితంగా పదింటికే రావాలని లేదు సార్," అన్నాడు సూర్యారావు. "పదీ అయిదుకి రావచ్చు, పదీ పదికి రావచ్చు. రౌండ్లలో అటూ ఇటూ అవుతుంది."

"నిజమే. చూద్దాం," అని దశరథ్ కుర్చీలో వెనక్కి వాలాడు.

చూశారు. ఒక గదిలో ఆరుగురు మనుషులు కలిసి ఏమీ జరగని గోడను చూడడం అంత తేలిక కాదు. పదీ అయిదు దాటింది. పదీ పది దాటింది. పైన ఫ్యాను కిర్రుమంటోంది. చాయ్ తెచ్చిన అటెండర్ ఏదో రాబోతోందనుకుని ట్రే పట్టుకుని తనూ నిలబడిపోయాడు. ట్యూబ్‌లైటు కొట్టుకుంది. ఇరవై నిమిషాలయ్యేసరికి సూర్యారావు రెండుసార్లు ఫోను తీసి జేబులో పెట్టుకున్నాడు.

"సార్, ముందుకి జరపండి. ఇందులో ఏమీ లేదు."

"ఏమీ లేదా?"

"ఎవరూ రారు సార్. పదకొండూ ఇరవైకి ఈమే వస్తుంది. మేం మొత్తం చూసుకునే ఇచ్చాం."

దశరథ్ ఆయన వైపు తిరిగాడు. ముఖంలో ఏ మార్పూ లేదు. "మొత్తం చూశారు. ఆమె వచ్చేదాకా ఎవరూ రారు. రాయండి," అన్నాడు గుమాస్తాతో. గుమాస్తా రాశాడు.

సూర్యారావు గుమాస్తా రాసిన కాగితం వైపు చూశాడు. తనేమన్నాడో అప్పుడు తనకే వినిపించినట్టుంది.

"అయితే పదకొండింటికి నీళ్లొస్తున్నాయని ఎవరు చూశారండీ?"

అడిగింది దుర్గాదేవి. ఆ గదిలో ఆమె నోరు విప్పడం అదే మొదటిసారి. సూర్యారావు బల్ల మీది కాగితాన్ని సర్దాడు.

"చివరిది కూడా వెయ్యండి సార్," అంది దుర్గాదేవి. "మా వాడిది. నేను చూస్తాను."

ముత్యమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఎల్సీ ఆమె మోచెయ్యి పట్టుకుంది.

పదకొండూ నలభై తొమ్మిది. వెంకట సాయి రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని గోడ తడుముకుంటూ వచ్చాడు. బేసిన్ మీదికి వంగి పెడల్ తొక్కాడు. మళ్లీ తొక్కాడు. దుర్గాదేవి పైట నోట్లో కుక్కుకుంది. అప్పుడు అంచులోంచి ముత్యమ్మ పరుగెత్తుకొచ్చింది, వాణ్ని చూసి వెనక్కి పరుగెత్తింది, నీలం రంగు నీళ్ల క్యాన్‌ను పొట్టకు హత్తుకుని కాళ్లీడ్చుకుంటూ మళ్లీ వచ్చింది. వాణ్ని నేల మీద పడుకోబెట్టింది. తల ఒళ్లో పెట్టుకుని, ఒక చేత్తో వాడి కనురెప్పలు విడదీసి పట్టుకుని, ఇంకో చేత్తో క్యాన్ వంచి పోసింది. వాడు కాళ్లు తన్నుకుంటున్నాడు. ఆమె వదల్లేదు. ఒక నిమిషం, రెండు, అయిదు. క్యాన్ అయిపోతే పక్కన చేరినవాళ్ల మీద అరిచింది. ఎవరో ఇంకో క్యాన్ తెచ్చారు. మూలన అంకెలు పన్నెండు అయ్యేదాకా ఆమె పోస్తూనే ఉంది. పెదవులు కదులుతున్నాయి. వాడితో ఏదో చెబుతూనే ఉంది. సూపర్‌వైజర్ అసలు ఆ ఫ్రేమ్‌లోకే రాలేదు.

డిస్కు ఆగింది. ముత్యమ్మ కొంగు దించలేదు.

దుర్గాదేవి ఒళ్లో ఫైలు తీసుకుని లేచింది. సూర్యారావు కుర్చీ పక్కనుంచి దాటుకుని గది ఇవతలికి వచ్చి, బెంచీ మీద ముత్యమ్మ పక్కన కూర్చుంది.

"ఏం మాట్లాడుతున్నావ్ వాడితో?"

ముత్యమ్మ కొంగు వెనకనుంచే చెప్పింది. "అయిపోయింది బిడ్డా, అయిపోయింది అంటున్న. తప్పయింది నాకు. యాసిడ్‌కు నీళ్లు పొయ్యొద్దట. నాకు యాదికి రాలే."

"ఎవరన్నారు?" దుర్గాదేవి ఫైలు తెరిచింది. కాగితం చదవలేదు, దాని మీద చెయ్యి వేసి ఉంచింది. "డాక్టరు ఏమన్నాడో తెలుసా? పది నిమిషాలు ఆపకుండా నీళ్లు పోయబట్టి కన్ను దక్కిందన్నాడు. ఆ నీళ్లే లేకపోతే రెండు కళ్లూ పోయేవన్నాడు. ఎవరు పోశారని అడిగాడు. వీళ్లు సూపర్‌వైజర్ అని చెప్పారు నాకు. ఆసుపత్రికి వచ్చినప్పుడు ఆయన కాళ్లకి దణ్ణం పెట్టాను."

దశరథ్ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. పదకొండింటికి నీళ్లున్నాయన్న మాటకు ఆధారం లేదని, నీళ్లు ఎప్పటినుంచి లేవో కంపెనీయే చెప్పాలని, అది తేలేదాకా ఈమెను పనిలోకి తీసుకోవాలని నెమ్మదిగా చెబుతూ గుమాస్తా చేత రాయించాడు. సూర్యారావు విని సంతకం పెట్టాడు. ఎల్సీ ఆ మాటలన్నీ విన్నది కానీ ఆమె కళ్లు మాత్రం బెంచీ మీదే ఉన్నాయి. నాలుగేళ్లలో తను కోసి పారేసిన ముక్కల్లో ఇంకేం పోయిందో అనుకుంటే ఆమెకు కాస్త భయం వేసింది. అయినా మనసు ఎంత తేలికపడిందంటే, ఆ పాత కంప్యూటరుకు దణ్ణం పెట్టాలనిపించింది.

దుర్గాదేవి ముత్యమ్మ కొంగును ముఖం మీదనుంచి తనే కిందికి దించింది.

"రేపు కట్టు విప్పుతారు," అంది. "వాడు కన్ను తెరిచేసరికి నువ్వు ఎదురుగా ఉండాలి వదినా."

ముత్యమ్మ ముక్కు చీదుకుని, రెండు చేతులతో కళ్లు గట్టిగా తుడుచుకుంది.

"పొద్దుగాల ఎన్నింటికి ఎల్లాలె?" అని అడిగింది.